నేరశాస్త్ర జర్నల్‌లో ఎడిటర్ మారితే మనకేంటి?

ఒక జర్నల్‌కు కొత్త ఎడిటర్ రావడం మామూలుగా వార్త కాదు. అది యూనివర్సిటీ లైబ్రరీలు దాటి బయటికి రాని నేరశాస్త్ర జర్నల్ అయితే అసలే కాదు. ఆ జర్నల్‌ను నడిపే సొసైటీ ఒక చిన్న ప్రకటన ఇస్తుంది. పాత ఎడిటర్‌కు శుక్రియా చెబుతుంది, కొత్త ఎడిటర్ ఏ యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్నారో రాస్తుంది. అక్కడితో సరి.

కానీ ఎవర్ని రోడ్డు మీద ఆపి సోదా చేయాలి, ఏ బస్తీలో పోలీసుల్ని ఎక్కువ పెట్టాలి, ఎలాంటి ముద్దాయికి బెయిలిస్తే మళ్లీ నేరం చేస్తాడు అనే ప్రశ్నలకు ప్రభుత్వాలు వెతుక్కునే జవాబులు చాలావరకు ఇలాంటి జర్నళ్ల నుంచే బయల్దేరతాయి. అధికారి మైకు ముందుకొచ్చి 'అధ్యయనాలు చెబుతున్నాయి' అంటాడు. ఆ అధ్యయనాన్ని అచ్చులోకి రానిచ్చింది ఒక ఎడిటర్. రాకుండా ఆపగలిగిందీ ఆ ఎడిటరే. అందుకే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారన్నది పాతబస్తీ కుటుంబానికైనా, కర్నూలు కుటుంబానికైనా సంబంధం లేని విషయమేమీ కాదు.

ఆ కుర్చీకి ఉన్న పవర్ ఏమిటి?

పరిశోధకుడు వ్యాసం పంపిస్తే ముందు చూసేది ఎడిటర్. చాలా వ్యాసాలు ఆ దశలోనే వెనక్కి పోతాయి, బయటివాళ్లెవరికీ చూపించకుండానే. మిగిలినవాటిని ఆ విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురు పండితులకు పంపిస్తారు. దీన్నే పీర్ రివ్యూ అంటారు. వాళ్లకు జీతమేమీ ఉండదు. రాసింది ఎవరో సాధారణంగా వాళ్లకు చెప్పరు, వాళ్లెవరో రాసినవాళ్లకూ చెప్పరు. వాళ్ల అభిప్రాయాలు చదివి చివరి మాట చెప్పేది మళ్లీ ఎడిటరే.

ఇందులో బయటికి కనిపించని పవర్ ఏమిటంటే, ఆ ఇద్దరు ముగ్గుర్ని ఎంచుకునే అధికారం. పోలీసుల పనితీరును విమర్శించే వ్యాసాన్ని పోలీసు శాఖతో కలిసి పనిచేసే ప్రొఫెసర్‌కే పంపితే ఒకలాంటి జవాబు వస్తుంది, జైలు ఖైదీల మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు పంపితే ఇంకోలాంటి జవాబు వస్తుంది. ఇద్దరూ నిజాయితీపరులే కావచ్చు. అయినా తేడా వస్తుంది.

ఇంకో సంగతి. కొత్త ఎడిటర్ వచ్చిన మొదటి రోజు నుంచే జర్నల్ మారిపోదు. పాత ఎడిటర్ ఒప్పుకున్న వ్యాసాలు వరుసలో ఉంటాయి, అవి అచ్చయ్యేసరికే నెలలు గడిచిపోతాయి. అట్ట మీద కొత్త పేరుంటుంది, లోపల పాత నిర్ణయాలుంటాయి. ఇలాంటి పదవి సాధారణంగా కొన్నేళ్లే ఉంటుంది కాబట్టి, తన ఎంపికలు పూర్తిగా కనిపించే సమయానికి ఎడిటర్ పదవీకాలంలో కొంత అయిపోయి ఉంటుంది. కాబట్టి వచ్చిన కొత్తలో ఏయే నియమాలు పెట్టారన్నది, ఏ వ్యాసాలు వేశారన్నదానికంటే ముఖ్యం.

రావీని చూసినట్టు

ముస్లిం కుటుంబాలకు ఈ వ్యవస్థ కొత్తగా అనిపించాల్సిన పని లేదు. హదీసు పండితులు వెయ్యేళ్లకు ముందే ఇలాంటి ప్రశ్నలు వేశారు. ఈ మాట ఎవరు చెప్పారు? ఆయన ఎవరి దగ్గర విన్నాడు? ఇద్దరూ ఒకే కాలంలో బతికారా, కలుసుకునే వీలుందా? ఆయన జ్ఞాపకశక్తి ఎలాంటిది? ఇస్నాద్‌లో ఒక్క లంకె తెగినా ఆ రివాయత్ బలహీనపడుతుంది. చెప్పిన మాట ఎంత బాగున్నా సరే, చెప్పినవాడు నమ్మదగినవాడు కాకపోతే పక్కన పెట్టారు. సూరా అల్-హుజురాత్ ఆరో ఆయత్ కూడా వచ్చిన వార్తను తరచి చూసుకోమనే నేర్పుతుంది. లేకపోతే తెలియక ఎవరికో నష్టం చేసి, తర్వాత పశ్చాత్తాపపడాల్సి వస్తుందని హెచ్చరిస్తుంది.

జర్నల్ ఎడిటర్ పని అచ్చంగా అదే కాకపోయినా దానికి దగ్గరిదే. లెక్క ఎక్కడినుంచి వచ్చింది, ఎవరు సేకరించారు, ఇంకొకరు అదే లెక్క వేస్తే అదే ఫలితం వస్తుందా అని అడగడం. ఈ ప్రశ్నలు అడగని రోజున ఏం జరుగుతుందో నేరశాస్త్రం చరిత్రే చెబుతుంది.

పుట్టుకతో నేరస్తుడు అన్న అబద్ధం

1876లో ఇటలీకి చెందిన డాక్టర్ చెసారే లొంబ్రోసో నేరస్తుడి గురించి ఒక పుస్తకం రాశాడు. దవడ, నుదురు, చెవులు చూసి నేరస్తుణ్ని గుర్తుపట్టొచ్చని, కొందరు నేరస్తులుగానే పుడతారని ఆయన వాదన. నాలుగేళ్ల తర్వాత, 1880లో, తన బృందంతో కలిసి ఒక జర్నల్ కూడా మొదలుపెట్టాడు. సిద్ధాంతం ఆయనదే, జర్నల్ కూడా ఆయనదే. ఆ సిద్ధాంతాన్ని నిలదీయాల్సిన కుర్చీలో ఆ సిద్ధాంతకర్తే కూర్చున్నాడు. 1913లో ఇంగ్లండ్‌లో చార్లెస్ గోరింగ్ సుమారు 3,000 మంది ఖైదీల కొలతలు తీసి మామూలు మనుషుల కొలతలతో పోల్చి, ప్రత్యేకంగా నేరస్తుడి ఆకారమంటూ ఏదీ లేదని తేల్చేదాకా ఆ ఆలోచన యూరప్‌లో దర్జాగా తిరిగింది.

మన దగ్గర ఆ రోగం అంతకంటే ముందే చట్టంగా వచ్చింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. కొన్ని కులాల్ని, తెగల్ని మొత్తంగా నేరస్తులని రాసేసింది. 1911లో చట్టం మారాక అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిన ఊరే. ఎరుకల కుటుంబాల్ని అక్కడ పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పజెప్పారు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. కానీ స్టూవర్టుపురం అనగానే దొంగలు అనే మాట తెలుగు సినిమాల్లో, తెలుగు నోళ్లలో ఇంకా బతికే ఉంది. చట్టం పోయినా ముద్ర పోలేదు.

ఒక సముదాయం మీద ఇలాంటి ముద్ర పడితే ఎలా ఉంటుందో ముస్లిం కుటుంబాలకు వేరే చెప్పక్కర్లేదు. 2019లో కామన్ కాజ్ సంస్థ, సీఎస్‌డీఎస్‌కు చెందిన లోక్‌నీతి కలిసి 21 రాష్ట్రాల్లో దాదాపు 12,000 మంది పోలీసుల్ని ప్రశ్నించాయి. ముస్లింలు సహజంగానే నేరాల వైపు మొగ్గుతారా అన్న ప్రశ్నకు, చాలావరకు లేదా కొంతవరకు అవును అన్నవాళ్లు దాదాపు సగం మంది. లొంబ్రోసో పుస్తకం చదివినవాళ్లు వాళ్లలో ఎంతమంది ఉంటారు? ఆయన ఆలోచనకు మాత్రం పుస్తకం అవసరం లేకుండా పోయింది.

ఎడిటర్ గేటు దాటకుండా వచ్చినవి

మంచి ఎడిటర్ ఎందుకు కావాలో తెలుసుకోవాలంటే, ఏ నేరశాస్త్ర ఎడిటర్ చేతిలోంచీ పోకుండా లోకం మీద పడ్డ మూడు వ్యాసాల్ని గుర్తు చేసుకోవాలి. మూడూ అమెరికావే.

మొదటిది 1974లో రాబర్ట్ మార్టిన్సన్ రాసింది. ఖైదీల్ని సంస్కరించే కార్యక్రమాల మీద వచ్చిన 231 అధ్యయనాల్ని చూసి, ఫలితం పెద్దగా లేదన్నాడు. 'ఏదీ పనిచేయదు' అన్న మాట దాంతోనే పాకింది. అది అచ్చయింది పండితుల జర్నల్‌లో కాదు, విధాన చర్చలు నడిపే ఒక పత్రికలో. 1979లో ఆయనే ఒక లా రివ్యూలో, కొన్ని కార్యక్రమాలు పనిచేస్తాయని తన మాట సవరించుకున్నాడు. ఆ సవరణ ఎవరికీ పట్టలేదు. అమెరికా జైళ్లు నిండిపోవడానికి ఆ ఒక్క వ్యాసమే కారణం కాదు గానీ, జైలంటే సంస్కరణ అనే ఆలోచనను పక్కకు నెట్టినవాళ్లకు అది బాగా అక్కరకొచ్చింది.

రెండోది 1982లో జేమ్స్ విల్సన్, జార్జ్ కెల్లింగ్ రాసిన 'బ్రోకెన్ విండోస్' వ్యాసం. పగిలిన కిటికీని బాగు చేయకపోతే మిగతా కిటికీలూ పగులుతాయి, చిన్న తప్పుల్ని వదిలేస్తే పెద్ద నేరాలు వస్తాయి అన్నది దాని సారాంశం. అది అట్లాంటిక్ అనే మాసపత్రికలో వచ్చింది. చిన్న తప్పుల మీద కఠినంగా ఉండాలన్న ఆ ఆలోచనను న్యూయార్క్ పోలీసులు నెత్తిన పెట్టుకున్నారు. అదే నగరంలో తర్వాత ఆపి సోదా చేసే పద్ధతి పెరుగుతూ పోయి, 2011 ఒక్క ఏడాదిలో 6 లక్షల 85 వేలకు పైగా సోదాలయ్యాయి. ఎక్కువమంది నల్లజాతి, లాటినో యువకులు. దాదాపు పదిలో తొమ్మిది సార్లు అరెస్టు చేయడానికి గానీ, సమన్లు ఇవ్వడానికి గానీ ఏమీ దొరకలేదు. 2013లో ఫెడరల్ కోర్టు ఆ తీరు రాజ్యాంగవిరుద్ధమంది. హైదరాబాద్ బస్తీల్లో తెల్లవారుజామున తలుపు కొట్టి ఆధార్ కార్డులు, బండి కాగితాలు అడిగే కార్డన్ సెర్చ్ చూసినవాళ్లకు ఈ కథలోని బాధ తెలుసు.

మూడోది 1995లో జాన్ డియూలియో రాసింది. దయాదాక్షిణ్యం లేని పిల్ల నేరస్తుల తరం ఒకటి వస్తోందని ఆయన ఒక రాజకీయ వారపత్రికలో హెచ్చరించాడు. ఆ తరం రాలేదు. ఆ తర్వాతి ఏళ్లలో పిల్లల నేరాలు పెరగకపోగా తగ్గాయి. కానీ ఆ భయంతోనే అమెరికా రాష్ట్రాలు పిల్లల్ని పెద్దల కోర్టుల్లో నిలబెట్టే చట్టాల్ని కఠినం చేసుకున్నాయి. డియూలియో తర్వాత తన తప్పు బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఈలోగా జైలుకెళ్లిన పిల్లల సంగతి?

అలాగని జర్నల్‌లో వచ్చిందల్లా నిజమని నమ్మాలా? అక్కడే 2019 నాటి కథ మొదలవుతుంది.

గేటు దాటి వచ్చినవి కూడా

అమెరికన్ సొసైటీ ఆఫ్ క్రిమినాలజీ నడిపే 'క్రిమినాలజీ' ఈ రంగంలో పెద్ద పేరున్న జర్నల్. 1963లో వేరే పేరుతో మొదలై, 1970లో ఈ పేరు పెట్టుకుంది. అందులో వ్యాసం పడితే కుర్ర ప్రొఫెసర్‌కు ఉద్యోగం పర్మనెంట్ అయినట్టే అనుకునేంత పేరు.

2019 మే నెలలో పేరు చెప్పని ఒకరు ఐదు వ్యాసాల్లో లెక్కలు అనుమానంగా ఉన్నాయని ఈమెయిల్ పంపారు. ఐదింటిలోనూ ఉన్న పేరు ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎరిక్ స్టువర్ట్‌ది. వాటిలో 2011లో 'క్రిమినాలజీ'లో వచ్చిన ఒక వ్యాసానికి జస్టిన్ పికెట్ అనే పండితుడు కూడా సహరచయిత. వేరేవాళ్లయితే మౌనంగా ఉండేవాళ్లేమో. పికెట్ అసలు డేటా అడిగి తెప్పించుకుని తానే లెక్క వేసుకున్నాడు. వ్యాసంలో 1,184 మందిని సర్వే చేశామని ఉంది, డేటాలో ఉన్నది 500 మంది. వ్యాసంలో 91 కౌంటీలన్నారు, డేటాలో 326 ఉన్నాయి. ఫలితాలు కూడా అచ్చయినవాటితో కలవలేదు.

పికెట్ తన పేరున్న వ్యాసాన్నే వెనక్కి తీసుకోమని ఎడిటర్లకు రాశాడు. ఎందుకు అడుగుతున్నాడో వివరంగా రాసి అందరికీ అందుబాటులో పెట్టాడు. ఆ తర్వాత నెలల తరబడి వాదోపవాదాలు నడిచాయి. చివరికి ఐదు వ్యాసాలూ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. తాను డేటా కల్పించలేదని స్టువర్ట్ అంటూ వచ్చాడు. 2023లో యూనివర్సిటీ ఆయన్ను ఉద్యోగం నుంచి తీసేసింది.

ఇందులో ముస్లిం పాఠకులు గమనించాల్సింది ఒకటుంది. 2011 నాటి ఆ వ్యాసం మైనారిటీలకు వ్యతిరేకంగా రాసింది కాదు. లాటినోల జనాభా పెరిగేకొద్దీ తెల్లవాళ్లలో భయం పెరుగుతుందని, శిక్ష వేసేటప్పుడు ముద్దాయి ఏ జాతివాడో చూడటాన్ని సమర్థించేవాళ్లు ఎక్కువవుతారని అది చెప్పింది. అంటే మైనారిటీలకు అన్యాయం జరుగుతోందనే వైపు నిలబడ్డ వ్యాసం. అది కూలిపోయినప్పుడు ఎవరికి నష్టం? అమెరికా కోర్టుల్లో, పోలీసుల్లో వివక్ష ఉందని చూపించే గట్టి పరిశోధనలు వేరే చాలా ఉన్నాయి, అవి అలాగే నిలబడ్డాయి. కానీ వివక్షే లేదనేవాళ్లకు ఇంకో ఆయుధం దొరికింది. 'చూశారా, ఇవన్నీ ఇలాంటివే' అనే మాట అనడానికి వీలైంది.

మన వైపు మాట్లాడే తప్పుడు లెక్క, మనకు వ్యతిరేకంగా మాట్లాడే తప్పుడు లెక్కకంటే ఎక్కువ నష్టం చేయగలదు. రెండోదాన్ని ఎదిరించడానికి మనం సిద్ధంగా ఉంటాం. మొదటిదాన్ని మనమే వాట్సాప్‌లో పంచుతాం. తమకు, తమ తల్లిదండ్రులకు, దగ్గరివాళ్లకు వ్యతిరేకంగా పోయినా సరే న్యాయానికే సాక్ష్యం చెప్పమని సూరా అన్-నిసా 135వ ఆయత్ నేర్పుతుంది. పికెట్ ఆ ఆయత్ చదివాడో లేదో అనవసరం. గవాహీ అంటే ఎలా ఉండాలో ఆ విషయంలో చేసి చూపించాడు.

కొత్త ఎడిటర్‌ను ఏం అడగాలి?

ఆ గొడవ తర్వాత నేరశాస్త్ర జర్నల్ ఏదైనా సరే, ఎడిటర్ కుర్చీలోకి వచ్చేవాళ్లను జనం ఇదివరకులా చూడరు. ఎంత పెద్ద పేరున్న ప్రొఫెసర్ అన్నది ఒక్కటే సరిపోదు.

మొదటి ప్రశ్న డేటా గురించి. వ్యాసంతోపాటు అసలు లెక్కల్ని, లెక్క వేసిన పద్ధతిని అందరికీ ఇవ్వమని అడుగుతారా? ఖైదీలు, బాధితుల పేర్లు బయటపెట్టకూడదు, అది సరే. కానీ గోప్యత అనే మాట చాటున డేటా మొత్తం దాచేసుకుంటే, తప్పు జరిగిందో లేదో తెలుసుకునే దారే ఉండదు. 2011 వ్యాసంలో తప్పు బయటపడటానికి 8 ఏళ్లు పట్టింది. అదీ ఒక అనామక ఉత్తరం వల్ల.

రెండోది సవరణల గురించి. జర్నళ్లకు తప్పు ఒప్పుకోవడం ఇష్టం ఉండదు. రచయితతో స్నేహం ఉంటుంది, కోర్టు కేసుల భయం ఉంటుంది, జర్నల్ పరువు పోతుందన్న బెంగ ఉంటుంది. ఫిర్యాదు వస్తే ఎన్ని రోజుల్లో చూస్తారు, ఎవరు చూస్తారు, తేలినదాన్ని ఎక్కడ అచ్చేస్తారు అన్నది ముందే రాసి పెట్టుకున్న ఎడిటర్‌కు తర్వాత ఇబ్బంది తక్కువ.

మూడోది ఎవరి నేరాన్ని చదువుతున్నారన్నది. జేబుదొంగ మీద, గంజాయి కుర్రాడి మీద వంద వ్యాసాలు రావచ్చు. బ్యాంకుల్ని ముంచినవాళ్ల మీద, లాకప్‌లో చావుల మీద, అల్లర్లు చేయించినవాళ్ల మీద ఎన్ని వస్తున్నాయి? నేరశాస్త్రం పేదవాడి నేరశాస్త్రంగా మిగిలిపోతే పోలీసుల కళ్లూ అటే తిరుగుతాయి.

నాలుగోది లోకంలో సగాని కంటే ఎక్కువమంది బతికే దేశాల గురించి. ఆస్ట్రేలియాకు చెందిన కెర్రీ కారింగ్టన్, రసెల్ హాగ్, అర్జెంటీనాకు చెందిన మాక్సిమో సోజో కలిసి 2016లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్రిమినాలజీలో రాసిన వ్యాసం ఈ ప్రశ్ననే లేవనెత్తింది. ఉత్తర దేశాల నగరాల్లో పుట్టిన సిద్ధాంతాల్ని ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాలకు అలాగే తగిలించడం ఏమిటని అడిగింది. నైజీరియాలో పుట్టిన పండితుడు బికో అగోజినో అంతకుముందే, 2003లో, వలస పాలనకూ నేరశాస్త్రానికీ ఉన్న చుట్టరికం మీద ఒక పుస్తకమే రాశాడు. స్టూవర్టుపురం ఉన్న గడ్డ మీద ఆ చుట్టరికం గురించి విడిగా పాఠం చెప్పనక్కర్లేదు.

మన దేశంలో పరిస్థితి

ఇండియన్ సొసైటీ ఆఫ్ క్రిమినాలజీ 1970లో మద్రాసు యూనివర్సిటీ కేంద్రంగా మొదలైంది. దానికి ఒక జర్నల్ ఉంది. కేంద్ర హోం శాఖ కింద పనిచేసే పోలీసు పరిశోధన సంస్థ బీపీఆర్ అండ్ డీ కూడా పోలీసుల కోసం ఒక జర్నల్ నడుపుతుంది. 1975లో మౌంట్ ఆబూ నుంచి హైదరాబాద్ వచ్చిన జాతీయ పోలీసు అకాడమీ కూడా తన జర్నల్ తెస్తుంది. పోలీసు అధికారులు రాసుకుని, పోలీసు అధికారులే ఎడిట్ చేసే పత్రికలు ఉండటంలో తప్పు లేదు. వాళ్ల అనుభవం విలువైనదే. కానీ పోలీసు పనిని బయటనుంచి చూసి లెక్క తేల్చే స్వతంత్ర జర్నళ్లు బలంగా లేకపోతే, ఒకే వైపు మాట వినిపిస్తుంది.

ఇంకో సమస్య డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే జర్నళ్లు. పీహెచ్‌డీకి, ప్రమోషన్‌కు వ్యాసాలు కావాలన్న ఒత్తిడిని అవి వ్యాపారం చేసుకున్నాయి. వాటిని ఏరివేయడానికి యూజీసీ 2018లో కేర్ అనే జాబితా పద్ధతి తెచ్చింది, 2025లో దాన్ని ఆపేసింది. ఏది మంచి జర్నలో తేల్చుకునే భారం ఇప్పుడు యూనివర్సిటీల మీద, గైడ్ల మీద, చివరికి ఆ విద్యార్థి మీద పడింది.

ఈ లోటు ఎక్కడ తగులుతుందో జైలు లెక్కలు చూస్తే తెలుస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లింలు 14.2 శాతం. ఎన్‌సీఆర్‌బీ 2019 జైలు గణాంకాల్లో శిక్షపడ్డ ఖైదీల్లో ముస్లింలు 16.6 శాతం, విచారణ ఖైదీల్లో 18.7 శాతం. నేరం రుజువైనవాళ్లలో కంటే, ఇంకా రుజువు కానివాళ్లలో ముస్లింల వాటా ఎక్కువ. ఎందుకు? బెయిల్ దొరకడం లేదా? పూచీకత్తు కట్టే డబ్బు లేదా? అరెస్టులే ఎక్కువా? కేసులు నిలబడక వదిలేస్తున్నారా? లేక ఇవన్నీ కలిసా? ఆ ఒక్క అంకె ఈ ప్రశ్నలకు జవాబు చెప్పదు. దాన్ని పట్టుకుని 'అన్యాయం రుజువైంది' అనడమూ తొందరే, 'వాళ్లు నేరాలు ఎక్కువ చేస్తారు' అనడమూ తొందరే. ఒక రాష్ట్రంలో, ఒకే రకం కేసుల్లో, ఎవరికి ఎన్ని రోజులకు బెయిల్ వచ్చిందో కోర్టు రికార్డుల్లో కూర్చుని లెక్క తీయాలి. ఆ పని చేసే పరిశోధకుడు ఉండాలి, దాన్ని భయపడకుండా పరీక్షించి అచ్చేసే ఎడిటర్ ఉండాలి.

2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. తర్వాత పోలీసులు హైదరాబాద్ ముస్లిం యువకుల్ని పట్టుకెళ్లారు. కేసులు పెట్టినవాళ్లను కోర్టులు నిర్దోషులుగా వదిలేశాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పరిహారం ఇచ్చింది, 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. ఆ కుర్రాళ్ల కథలు పేపర్లలో వచ్చాయి, టీవీల్లో వచ్చాయి, కమిషన్ల ముందుకు వెళ్లాయి. కానీ ఒక తప్పుడు అరెస్టు ఆ ఇంటికి ఎంత ఖరీదైంది, ఉద్యోగం, చెల్లెలి నిఖా, తండ్రి ఆరోగ్యం, ఇల్లు అద్దెకు దొరకడం వీటన్నిటి మీద ఏం ప్రభావం పడింది అన్నది పద్ధతి ప్రకారం, ఏళ్ల తరబడి వెంటపడి కొలిచినప్పుడే అది పాలసీగా మారుతుంది. అప్పటిదాకా అది బాధ గానే మిగులుతుంది, కోర్టులో పనికొచ్చే ఆధారం కాదు.

ఇంట్లో మాట్లాడుకోవాల్సింది

మన ఇళ్లలో ఇంటర్ పాసైన పిల్లలంటే ఎంబీబీఎస్, ఇంజినీరింగ్, లేదంటే గల్ఫ్. లా చదివితే మెచ్చుకుంటారు. క్రిమినాలజీ, స్టాటిస్టిక్స్, సోషియాలజీ అంటే 'దాంతో నౌకరీ వస్తుందా బేటా?' అనే ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న న్యాయమైనదే, కుటుంబాలు కష్టపడి చదివిస్తున్నాయి. జీతాల విషయంలో ఈ చదువులు ఇంజినీరింగ్‌తో పోటీ పడవు. కానీ మద్రాసు యూనివర్సిటీలో నేరశాస్త్ర విభాగం ఉంది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ ఎన్నో దశాబ్దాలుగా ఈ రంగంలో చదువు చెబుతోంది. హైదరాబాద్‌లో నల్సార్ ఉంది, ఉర్దూ మీడియం పిల్లలకు సోషల్ సైన్సెస్ చెప్పే మౌలానా ఆజాద్ యూనివర్సిటీ ఉంది. ఇంటికి ఒకరు కాకపోయినా, మొహల్లాకు ఒకరు ఈ దారిలో వెళ్తే చాలు.

ఎందుకంటే ఎడిటర్ ఆకాశం నుంచి దిగిరాడు. మొదట విద్యార్థి, తర్వాత వ్యాసం రాసేవాడు, తర్వాత ఇతరుల వ్యాసాల్ని పరీక్షించేవాడు, తర్వాత ఎడిటోరియల్ బోర్డు సభ్యుడు, ఆ తర్వాత ఎడిటర్. ఈ మెట్లెక్కడానికి 20 ఏళ్లు పట్టొచ్చు. ఈ రోజు ఒక సముదాయం పిల్లలు మొదటి మెట్టు మీద లేకపోతే, 20 ఏళ్ల తర్వాత ఆ కుర్చీ కోసం ఎంపిక జరిగేటప్పుడు వాళ్ల పేరు పరిశీలనకే రాదు. అప్పుడు వివక్ష అని కేకలేసినా ప్రయోజనం తక్కువ.

చదువు పూర్తయిన పెద్దలు చేయగలిగింది కూడా ఉంది. నేరాల గురించి, ముస్లింల గురించి ఒక లెక్క ఫోన్‌లోకి వచ్చినప్పుడు, అది మనకు నచ్చేదైనా నచ్చనిదైనా, మూడు ప్రశ్నలు అడగాలి: ఎవరు లెక్కపెట్టారు, ఎంతమందిని చూశారు, ఆ లెక్కను ఇంకెవరైనా సరిచూశారా? జవాబు దొరక్కపోతే ఫార్వర్డ్ బటన్ మీద వేలు ఆపాలి. 1,184 కి 500 కి ఉన్న తేడా 8 ఏళ్లపాటు పెద్ద పెద్ద ప్రొఫెసర్లకు కనిపించలేదు. ఒక మనిషి డేటా తెప్పించుకుని లెక్కపెట్టిన రోజునే కనిపించింది.